మైకుకు కట్టిన పట్టుబట్ట

మా నాయన గొంతు గురించి ధర్మవరంలో ఒక మాట ఉండేది. ఆయన మగ్గం ముందు కూర్చుని తత్వం అందుకుంటే మూడిళ్ళ అవతల కుండ మీది మూత అదురుతుందని. మూత సంగతి నాకు తెలియదు గానీ నా వీపు మాత్రం అదిరేది. చిన్నప్పుడు ఆయన వీపుకు నా వీపు ఆనించుకుని కండెలు చుట్టేదాన్ని. పాట నా చెవుల కంటే ముందు నా వీపుకు తెలిసేది. కాళ్ళు మగ్గం గుంతలో పెట్టుకుని నేసే మనిషి కదా, ఆ గొంతును భూమిలోంచి తోడుకుంటున్నాడేమో అనుకునేదాన్ని.

నన్ను అనంతపురంలో మైకు సెట్టు అంగడి పెట్టుకున్నాయనకు ఇచ్చారు. అరవయ్యో దశకం మొదటి సంవత్సరాలవి. రేడియో పని టపాలో వచ్చే పాఠాలు చదివి నేర్చుకున్న మనిషి. పెళ్ళిళ్ళకు, మీటింగులకు, తిరునాళ్ళకు రెండు బూరలు, ఒక యాంప్లిఫైయరు, ఒక లారీ బ్యాటరీ బండికెత్తుకుని పోయేవాడు. నాకు నోరెక్కువ, ఆయనకు చెవి ఎక్కువ. మా కాపురం నిలిచింది అందుకే.

పెళ్ళయిన మూడో ఏడు ఆయన బెంగుళూరు పోయి కొత్త మైకు తెచ్చాడు. వెండిలా మెరిసే జాలీ, పిడికెడంత తల, ముఖమల్ గుడ్డ పరిచిన పెట్టె. నేను దానికి పసుపు కుంకుమ పెట్టి హారతిచ్చాను. ఆ కాలంలో మా వైపు మైకంటే అంత భయభక్తులు. దేవుని ఉత్సవంలో వాడే సామాను కదా, నోటి తుంపర తగిలితే ఎంగిలైపోతుందని పెద్దవాళ్ళు దానికి రెండడుగులు ఎడంగా నిలబడి మాట్లాడేవారు. మా ఆయనేమో పని చేస్తోందో లేదో చూడటానికి మొదట "ఉఫ్ ఉఫ్" అని ఊదేవాడు. అది చూసి మా నాయన ఒకసారి మొహం అటు తిప్పుకున్నాడు. "దేవుని ముందర పెట్టే వస్తువును ఊదుతాండావే, ఏమప్పా, నీకేమన్నా శుద్ధి ఉండాదా?" అన్నాడు. మా ఆయన నవ్వాడు.

ఆ శ్రీరామనవమికి ధర్మవరం భజన మందిరంలో కొత్త మైకు పెట్టాలని పట్టుబట్టింది నేనే. ఇరవై ఏళ్ళుగా మా నాయన అక్కడ మైకు లేకుండానే భజన నడిపిస్తున్నాడు. ఊరంతా ఆయన పాట వినాలని నా ఆశ. పుట్టింటి గొప్ప చూపించుకోవాలని కూడా, దాచుకోవడమెందుకు.

మధ్యాహ్నం పానకం పంచాక నాయన తాళాలు పట్టుకుని మైకు ముందు నిలబడ్డాడు. ముందు అంటే రెండడుగుల అవతల. "మామా, కొంచెం ముందుకు రా" అని మా ఆయన చెయ్యి ఊపితే ఈయన ఇంకొక అడుగు వెనక్కు వేశాడు. పాట ఎత్తుకున్నాడు. పందిరి గుంజకు కట్టిన బూరలోంచి వచ్చింది మా నాయన గొంతు కాదు. అడుగున ఉన్న బలమంతా ఎవరో కోసేసినట్టు పీలగా, మేకపిల్ల అరిచినట్టు వచ్చింది. మొదట పిల్లలు నవ్వారు. తరువాత మగవాళ్ళు నవ్వారు. "పెద్దాయన గొంతు పోయిందప్పా" అని ఎవరో అన్నారు. ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

నేనూ పెట్టుకున్నాను. నాకూ నవ్వు వచ్చింది, ఆపుకోలేకపోయాను. నాయన ఒక్కసారి మా ఆడవాళ్ళ వైపు చూశాడు. పాట మధ్యలో ఆపలేదు, చరణం ముగించి తాళాలు కింద పెట్టి ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ తరువాత ఆయన పాడలేదు. భజనకు పోలేదు సరే, మగ్గం మీద కూడా పాడలేదు. మా అమ్మ అనంతపురం వచ్చినప్పుడు ఆ మాట చెప్పి కళ్ళొత్తుకుంది. "ఇంట్లో మగ్గం ఒగటే టకటకమంటాంది పాపా. ఆ మనిషి నోరు తెరిస్తే ఒట్టు. ఇల్లు ఇల్లు మాదిరే లేదు." దాని పైన ఇంకొకటి. శింగనమల దగ్గరి ఒక పల్లెవాళ్ళు వానలు రాని ప్రతి ఏడూ ఆషాఢంలో చెరువు కట్ట మీద భజన పెట్టి, దాన్ని నడిపించడానికి నాయననే పిలుచుకుపోయేవారు. కట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా వినిపించే గొంతు ఆయన ఒక్కడిదే. ఈసారి కూడా తాంబూలం ఇవ్వడానికి వస్తామని కబురు చేశారట. "రావద్దని చెప్పు. ఆ గొంతు సచ్చిపోయింది" అన్నాడట నాయన.

నాకు అన్నం సయించలేదు. మైకు పెట్టించింది నేను, నవ్వింది నేను. మా ఆయన మీద ఎగిరాను. "నీ మైకు మా నాయన గొంతు మింగేసింది, కక్కించు" అన్నాను. ఇంకొకరైతే తిరిగి నా మీద ఎగిరేవారు. ఆ మనిషి నిదానంగా "నువ్వన్నది నిజమే, మింగేసింది. యాడ మింగిందో చూద్దాం" అన్నాడు. ఇదే మాట నాయనకు చెప్పి పంపితే ఆయన ఒప్పుకోలేదు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నేను మైకు మీద యాల చెప్పాల?" అన్నాడు.

మా ఆయన తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. మైకు పెట్టె అడుగున మడిచి పెట్టిన ఒక కాగితం ఉండేది. ఇంగ్లీషులో ఉంది కాబట్టి కొన్ననాడు దాన్ని ఎవరూ చదవలేదు. పైన పెద్ద అక్షరాలలో యాభై నుంచి పదివేల దాకా అని ఉంటే అంతవరకు చూసి ఆయన మురిసిపోయి కొన్నాడు. ఇప్పుడు నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కొక్క మాటే చదవసాగాడు. కాగితం మధ్యలో గళ్ళు, గళ్ళ మీద ఒక గీత. గళ్ళంటే నాకు కొత్త కాదు. మా ఇంట్లో చీర అంచు వేసే ముందు నాయన గళ్ళ కాగితం మీద గీసుకునేవాడు. దీని భాష నాకు రాదు గానీ దీని చుట్టరికం నాకు తెలుసు.

పట్టు నూలు పని మీద నాయన అనంతపురం వచ్చినప్పుడు ఆ కాగితం ఆయన ముందు పెట్టాను. మైకు సంగతి ఎత్తకుండా "ఇదేం అంచో చూడు నాయనా" అన్నాను. కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. చూసీ చూడగానే పెదవి విరిచాడు.

"ఎవుడు గీసినాడమ్మా ఇది? ఒక గడి బారెడు, దాని పక్క గడి చిన్నది, ఆ పక్కది ఇంకా చిన్నది. మళ్ళా బారెడు. గళ్ళే సమంగా గీయలేనోడు అంచేం వేస్తాడు?"

మా ఆయనకు అదే అడ్డం పడి ఉంది కొన్నాళ్ళుగా. "మళ్ళా బారెడు" అన్న మాట వినగానే ఏదో తట్టి, లేచి అద్దెకిచ్చే హార్మోనియం తెచ్చి ముందు పెట్టుకున్నాడు. కింది షడ్జం నొక్కి, పై షడ్జం నొక్కి, దాని పైది నొక్కాడు. "చూడు మామా. శబ్దమంటే గాలి అదరడం. సెకనుకు ఎంత ఎక్కువసార్లు అదిరితే అంత సన్న శబ్దం. ఈ సా కంటే పై సా రెండింతలు అదురుతాది. దాని పైది నాలుగింతలు. మన చెవికి మాత్రం మూడూ సమానంగా మెట్లెక్కినట్టే ఉంటాయి. అందుకే వంద నుంచి రెండు వందలకు ఎంత చోటు ఇచ్చినాడో, వెయ్యి నుంచి రెండు వేలకు కూడా అంతే చోటు ఇచ్చినాడు. గళ్ళు తప్పు కాదు. చెవి ప్రకారం గీసినాడు."

నేను నోరు తెరుచుకుని వింటున్నాను. పెళ్ళయిన మూడేళ్ళలో ఆ మనిషి ఒక్క బిగిన అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. సంతోషమేసింది, పైకి మాత్రం "అబ్బో" అన్నాను.

నాయన మళ్ళీ కాగితం మీదికి వంగాడు. ఈసారి గీత మీద వేలు పెట్టి ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు నడిపించాడు. "నడుమన బాగానే ఉండాది. సమంగా నేసినట్టుండాది. ఈ ఎడమ పక్క వంగిపోయిందే. ఈడ పోగులు పలచబడినాయి" అన్నాడు.

"ఎడమ పక్క లావు శబ్దాలు మామా. నీ గొంతు వంద దగ్గర ఉంటాది. గీత రెండు వందల కాడి నుంచే కిందికి దిగతాంది చూడు. యాభై దాకా అని రాసినాడు, అబద్ధం కాదు. యాభై దగ్గర వినిపిస్తాది, చుక్క మాదిరి. పైన రాసింది చూసి కొన్న్యా. గీత చూసి కొనాల్సింది. బూర కూడా లావు శబ్దం సరిగ్గా పలకదు. దానికి తోడు మైకు కూడా కోసేస్తే ఇంక నీ గొంతులో ఏం మిగుల్తాది?"

చీర కొనేవాళ్ళు ఆరు గజాలని చెబితే చాలనుకుంటారు. కొస దాకా అదే నేత ఉందో లేదో విప్పి చూసినవాళ్ళకే తెలుస్తుంది. నాయనకు ఈ సంగతి ఇంకొకరు చెప్పనక్కర్లేదు. వేలు మళ్ళీ ఆ వంగిన చోటే పెట్టాడు. "అయితే నా గొంతు సావలేదంటావా?" అని అడిగాడు. ఆ అడగడంలో ఎంత ఆశ ఉందో! సావలేదని నేను గట్టిగా తల ఊపాను.

మరుసటి వారం మా ఆయన గుత్తిలో ఇంకొక మైకు సెట్టు అతని దగ్గరి నుంచి ఒక ఖరీదైన మైకు అడిగి తెచ్చాడు. దాని కాగితంలో గీత నలభై దాకా బద్ద పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. పని అయిపోయిందని నేను ఎగిరి గంతేశాను. మిద్దె మీదికి ఎక్కించి సెట్టు పెట్టాం. ఆషాఢం గాలి అప్పటికే మొదలైంది. మా సీమ గాలి సంగతి తెలియనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. ఆరేసిన చీర పక్క వీధిలో దొరుకుతుంది. మైకు పెట్టగానే బూరలోంచి గూడ్సు బండి పోతున్నట్టు గడగడమని ఒకటే మోత. నేను అరిచింది నాకే వినపడలేదు. పక్కింటావిడ బయటికి వచ్చి ఆకాశం వైపు చూసింది, ఉరుమనుకుని, పాపం.

మా ఆయన ఆ మైకు తీసి మన మైకు పెట్టాడు. మోత నూటికి తొంభై పాళ్ళు పోయింది. మళ్ళీ దాన్ని పెట్టాడు, మళ్ళీ మోత. అట్లా నాలుగుసార్లు మార్చి మార్చి పెట్టి, చివరికి మన మైకును చేతిలో పట్టుకుని పిట్టగోడ మీద కూర్చుండిపోయాడు.

"ఏమ్మే, గాలి కూడా లావు శబ్దమే. ఇది చేసినోడు చేతకాక కోయలేదు. తెలిసే కోసినాడు. బయట మాట్లాడేవాళ్ళ కోసం, గాలి లోపలికి రాకుండా గడప కట్టినాడు" అన్నాడు. ఆయన ముఖంలో దేవుణ్ణి చూసినంత సంబరం. ఎక్కడో కూర్చుని, మన గాలిని ఒక్కసారి కూడా చూడకుండా, మన కోసం ఆలోచించినవాడి మీద నాకూ గౌరవం కలిగింది. కానీ నా బాధ నాది. "గాలిని ఆపినాడు సరే. గాలితో పాటు మా నాయనను కూడా గడప బయటే నిలబెట్టినాడే" అన్నాను.

దానికి జవాబు ఆ కాగితంలోనే ఉంది. దాన్ని పట్టుకున్నది మా నాయన. మళ్ళీ వచ్చినప్పుడు తానే అడిగి కాగితం తెప్పించుకున్నాడు. "అప్పుడే అడుగుదామనుకుని మరిసిపోతి. ఈ చుక్కల గీత ఏంది?" అన్నాడు. నిజమే, అసలు గీతకు పైన, ఎడమ పక్కన మాత్రమే, చుక్కలు చుక్కలుగా ఇంకొక గీత ఉంది. అచ్చులో ఏదో మరకనుకుని మేమిద్దరం దాన్ని వదిలేశాం. "మరక ఇంత వరసగా పడదప్పా. నేసేవాడు చుక్క పెట్టినాడంటే దానికో లెక్క ఉంటాది" అన్నాడు నాయన. మా ఆయన అడుగున చీమ తలకాయలంత అక్షరాలను భూతద్దం పెట్టి చదివాడు. అసలు గీత రెండడుగుల దూరం నుంచి పలికించి గీసినదట. చుక్కల గీత నాలుగు వేళ్ళ దూరం నుంచి పలికించినదట. మనిషి దగ్గరికి వచ్చే కొద్దీ ఆ మైకులో లావు శబ్దం పెరుగుతుంది. గాలి ఎంత ఉన్నదో అంతే ఉంటుంది.

"మామా, అంతే! మైకు ముందర పోయిన పేరు మైకు ముందరే తెచ్చుకోవాల. చెరువు భజనకు ఇదే పెడతా, నువ్వు నాలుగు వేళ్ళ దూరంలో పాడితే చాలు" అని మా ఆయన కేక పెట్టాడు.

నాయన కాగితం మడిచి కింద పెట్టేశాడు. "అదొక్కటీ నాతో కాదు" అన్నాడు. "పాడేటప్పుడు తుంపర పడతాది. వానదేవుని భజనకు పెట్టిన మైకును ఎంగిలి చేసి, వాన ఇయ్యి సామీ అని అదే నోటితో ఎట్ల అడిగేది?"

నాకు ఒళ్ళు మండింది. ఇంత దూరం వచ్చి తుంపర దగ్గర ఆగిపోవడమా! గట్టిగా నాలుగు అనబోయి ఆయన ముఖం చూసి ఊరుకున్నాను. ఆయన మొండికేయడం లేదు, నిజంగా భయపడుతున్నాడు. ఆ చేతుల వైపు చూశాను. యాభై ఏళ్ళు పట్టు పోగులు లాగి లాగి వేళ్ళ సందుల్లో గీతలు పడిన చేతులు. అప్పుడు తట్టింది.

"నాయనా, పట్టుకు మైల లేదని చిన్నప్పటి నుంచి చెప్తాండేది ఎవరు?"

"నేనే. అయితే?"

"మైకుకు పట్టుబట్ట కడితే నీ ఎంగిలి మైకుకు యాడ తగుల్తాది?"

నాయన నవ్వాడు. శ్రీరామనవమి తరువాత ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే. "నోరు పెద్దదైనా బుర్ర కూడా ఉండాది దీనికి" అని అల్లుడితో అన్నాడు.

మొదట నా పెట్టెలోని చీర ముక్క ఒకటి కట్టి చూశాం. గాలి మోత ఇంకా తగ్గింది, మా ఆయన ఎగిరి గంతేశాడు. కానీ "శ" అన్నా "స" అన్నా నోట్లో బట్ట పెట్టుకుని మాట్లాడినట్టు ఉంది. దళసరి బట్ట, కాగితంలో కుడి పక్కనుండే సన్న శబ్దాలను తినేస్తోంది. నాయన ఆ ముక్కను రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి ధర్మవరం బస్సెక్కాడు. పది రోజులకు మా అమ్మ చేత ఒక పొట్లం పంపాడు. జానెడు పట్టు, దూరం దూరంగా పోగులు వేసి నేసినది. దీపం ముందు పెడితే వత్తి కనిపించేంత పలచన. దానికి కూడా వేలి గోరంత అంచు వేశాడు ఆ మహానుభావుడు. "ఇది నేసేటప్పుడు కూనిరాగం తీసినాడు పాపా" అని చెప్పింది అమ్మ. శింగనమలవాళ్ళ తాంబూలం కూడా తీసుకున్నాడట.

ఆ భజనకు వాన పడిందా అని అడుగుతారు. పడలేదు. మా అనంతపురంలో వాన అంత సులభంగా మాట వినే రకం కాదు. చెరువంతా పగుళ్ళిచ్చి, నడి చెరువులో మేకలు మేస్తున్నాయి. పొద్దున పదిగంటల ఎండలో చెరువు కట్ట నిండా జనం. ధర్మవరం నుంచి వచ్చినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో ఒకరిద్దరు మైకు చూసి అప్పుడే మూతి ముడిచి నవ్వు దాచుకోవడం నా కంటపడింది. తుమ్మచెట్టుకు బూరలు కట్టారు. గాలికి తలపాగాలు నిలవడం లేదు. నేను ఆడవాళ్ళ మధ్య కూర్చుని కొంగు చివర రెండు చేతులా నలుపుతున్నాను. మళ్ళీ నవ్వారంటే ఈ మనిషి ఇంక ఈ జన్మలో నోరు తెరవడు.

నాయన వచ్చి అలవాటు ప్రకారం రెండడుగుల అవతల నిలబడ్డాడు. మా ఆయన యాంప్లిఫైయరు దగ్గర నుంచి లేవలేదు. కుడిచేతి నాలుగు వేళ్ళు కలిపి ఎత్తి చూపించాడు. నాయన ఆ వేళ్ళు చూశాడు. తాను నేసిన పట్టుబట్ట చూశాడు. దానికి దండం పెట్టి ఒక అడుగు వేశాడు, ఇంకొక అడుగు వేశాడు. తన నాలుగు వేళ్ళను బట్టకూ పెదవికీ మధ్య అడ్డం పెట్టి కొలుచుకుని చెయ్యి తీశాడు.

పాట ఎత్తుకున్నాడు. గొంతు పెంచలేదు, మగ్గం మీద పాడుకునేంత నెమ్మదిగానే. ఆ గొంతు అట్లే వచ్చింది. అడుగు ఎక్కడా తెగకుండా, నిండుగా, నా చిన్నప్పటి వీపుకు తెలిసిన గొంతు. ఎండిన చెరువు మీదుగా పోయింది. అవతలి గట్టున మేకలు కాసే మనిషి కర్ర మీద గడ్డం ఆనించి నిలబడిపోయాడు. గాలి పోతున్నట్టు చెట్లను చూస్తే తెలుస్తోంది, బూరలో మాత్రం లేదు. నా పక్కన కూర్చున్న ముసలామె "నవ్విన నాపచేనే పండుతుందంటారు" అని తనలో తాను అనుకుంది. ధర్మవరం వాళ్ళు తలలు వంచుకుని తాళం వేస్తున్నారు.

మొదటి చరణం ముగించి ఊపిరి తీసుకోవడానికి నాయన ఆగాడు. మైకు ముందు నుంచి జరగలేదు. ఆడవాళ్ళ వైపు తిరిగి వెతికి వెతికి నన్ను పట్టుకున్నాడు. ఇంట్లో నా పక్కన కూర్చుని అడిగినట్టు, మెల్లగా అడిగాడు. అంత దగ్గరి నుంచి అడిగాడు కాబట్టి ఆ మెల్లని మాట చెరువంతా వినిపించింది.

"ఏమ్మా, ఇప్పుడు నవ్వుతావా?"

ఎవరిని అడుగుతున్నాడో, ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు. మా ఆయనకు కూడా. నాకు మాత్రం అర్థమైంది. చూశాడు. ఆ రోజు కొంగు వెనక నా నవ్వు చూశాడు. ఊరంతా నవ్వినా ఆ గొంతు పోయేది కాదు. ఇన్ని నెలలు నేను ఊరిని తిట్టాను, మైకును తిట్టాను, కట్టుకున్నవాణ్ణి తిట్టాను. ఆయన ఆ సంగతి మా అమ్మకు కూడా చెప్పకుండా దాచుకున్నాడు.

"లేదు నాయనా, నవ్వను" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో నాకు తెలుసు. నా ముందు మైకు లేదు, ఆ మాటను గాలి ఎత్తుకుపోయింది. ఆయనకు వినిపించిందో లేదో తరువాత ఎప్పుడూ అడగలేకపోయాను. ఆయన మళ్ళీ నాలుగు వేళ్ళు కొలుచుకుని రెండో చరణం అందుకున్నాడు.